నా తల మీద ఒట్టు

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లకు శిక్షణ పెట్టినప్పుడల్లా నాలాంటి రిటైరైన వాళ్లను ఒకరిద్దర్ని పిలుస్తారు. శాలువా కప్పి, ప్లాస్టిక్ కప్పులో టీ ఇచ్చి, "మీ సర్వీసులో మరచిపోలేని విజయం ఒకటి చెప్పండి మేడం" అంటారు. అలాంటి శాలువాలు మా ఇంట్లో ఆరేడు ఉన్నాయి. ఒక్కటీ చలికి పనికిరాదు.

విజయాలంటే నా దగ్గర పెద్దగా లేవమ్మా. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. కప్ప గుండెకు గదులెన్నో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ "మరచిపోలేనిది" అన్న మాట వినగానే నాకు కప్పా గుర్తు రాదు, పాసైన పిల్లలూ గుర్తు రారు. వణుకుతున్న ఒక ఆడపిల్ల చెయ్యి గుర్తొస్తుంది. ఆ చెయ్యి నా తల మీద ఉంటుంది. దాన్ని లాగి అక్కడ పెట్టుకున్నదాన్ని నేనే. అందుకని అడిగారు కాబట్టి చెబుతాను గానీ, అయిపోయాక చప్పట్లు మాత్రం కొట్టకండి.

తొంభైల చివరి మాట. మేం మచ్చ బొల్లారంలో అద్దెకుండేవాళ్లం. మా ఆయనకు జీడిమెట్లలో ఫ్యాక్టరీ ఉద్యోగం. నాకేమో మేడ్చల్ దాటాక రావల్కోల్ వైపు లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో, సర్కారు హైస్కూల్లో పోస్టింగు. ఊరి పేరు చెప్పను. ఆ ఊరి వాళ్లు నాకేం అపకారం చెయ్యలేదు. రెండు బస్సులు మారి, మనిషి మీద మనిషిని కుక్కిన ఆటోలో చివరి మూడు మైళ్లు వెళ్లేసరికి, పాఠం మొదలుపెట్టక ముందే సగం ప్రాణం పోయేది.

మాది కోస్తా. వచ్చిన కొత్తలో ఇక్కడి మాట సగమే అర్థమయ్యేది. మిగతా సగం నేనే ఊహించుకుని, అదే నిజమనుకునేదాన్ని. అర్థం కాలేదని ఒప్పుకోవడం నాకు చేతకాదు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో మొదటి తప్పు అక్కడే ఉంది.

మా హెడ్మాస్టరుకి సర్వీసు ఇంకా రెండేళ్లే ఉంది. ఆ రెండేళ్లూ స్కూల్లో ఏమీ జరగకూడదన్నది ఆయన ఏకైక కోరిక. ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు దాన్ని తిప్పి వెనకవైపు చూసేవారు, అక్కడేమన్నా రాసుందేమోనని. ఇక డ్రిల్ సారు ఆ పక్క ఊరాయనే. తెల్లారగట్ల పొలం చూసుకుని, కాళ్లు కడుక్కుని, మెడలో విజిల్ వేసుకుని స్కూలుకి వచ్చేవాడు. ఆయన పొలం చుట్టూ అప్పటికే ప్లాట్ల రాళ్లు పాతేశారు. "మీరూ అమ్మేస్తే పోలా?" అని ఎవరన్నా అంటే, "అమ్మి ఏం జెయ్యాలె, మీ లెక్క పేపర్ సదువుకుంట కూసోవాల్నా?" అనేవాడు. నోరు కాస్త దురుసు. స్టాఫ్ రూములో నేను నమ్మే మనిషి మాత్రం ఆయనొక్కడే, అది కూడా ఆలస్యంగా నమ్మాను.

ఆ పిల్ల పదో తరగతి. రెండో బెంచీలో గోడవైపు కూర్చునేది. బయాలజీ రికార్డులో బొమ్మలు గీయించడం నాకొక పిచ్చి. పెన్సిలు సన్నగా చెక్కాలి, గీత ఒక్కసారే పడాలి, రబ్బరు వాడకూడదు. ఆ పిల్ల మందార పువ్వు నిలువుకోత గీస్తే టెక్స్ట్ బుక్కులో ఉన్నదాని కన్నా బాగుండేది. కిందటేడు రికార్డు నేను దాచుకుని, కొత్త పిల్లలకు చూపించేదాన్ని. అలాంటిది దసరా సెలవుల తర్వాత రికార్డులు దిద్దుతుంటే ఒకటి గమనించాను. పొద్దున పీరియడ్లో గీసిన బొమ్మల్లో గీత నున్నగా ఉంది. సాయంత్రం చివరి పీరియడ్లో గీసిన బొమ్మల్లో గీత వణికింది. మూత్రపిండానికి చుట్టూ నూగు మొలిచినట్టుంది.

"ఏంటమ్మా ఇది, ఆటోలో కూర్చుని గీశావా?" అన్నాను క్లాసులో. అందరూ నవ్వారు. ఆ పిల్ల చెయ్యి బెంచీ కిందకి దాచుకుంది.

సాయంత్రం ల్యాబ్‌కి రమ్మన్నాను. ల్యాబ్ అంటే ఏం లేదు, కటకం పోయిన మైక్రోస్కోపు ఒకటి, సీసాలో ఒక తేలు, ఒక పాము, తలుపుకి గొళ్లెం లేని గది. చెయ్యి చాపమన్నాను. వేళ్లు వణుకుతున్నాయి.

"ఏమైంది నీకు?"

"నిద్ర వట్టది మేడం. మందు తాగితెనే వడతది."

"ఏం మందు? డాక్టరు రాసిచ్చిందేనా?"

"అవ్వ తెస్తది మేడం, పొద్దుమూకంగ."

ముసలావిడ ఏ నరాల బలానికో టానిక్ తెచ్చి పోస్తోందనుకున్నాను. "సరే, వేళకి వేసుకో. మధ్యలో మానకు" అని సలహా కూడా పారేశాను. ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసింది. చూడదూ మరి! ఆ పిల్ల చెప్పిన దాంట్లో నేను పట్టుకున్న మాట 'మందు'. అంతకన్నా ముందే ఇంకో మాట చెప్పింది. అది నా చెవిన పడింది గానీ లోపలికి పోలేదు.

నెల తర్వాత మాటల్లో మాటగా డ్రిల్ సారుతో ఈ సంగతి అంటే ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మందంటె గోలీలనుకుంటున్రా ఏంది మేడం? మందు కల్లు."

"అంటే?"

"చెట్టు కల్లు ఏడున్నది ఇప్పుడు? ఈత చెట్లన్ని కొట్టి ప్లాట్లు జేసిరి. దుకాణంల సీసాలు మాత్రం రోజు నిండుతనే ఉన్నయ్. ఎట్ల నిండుతయ్ మరి? నీళ్లు, సాక్రిన్, నిద్ర మందు. కలిపిండ్రంటె కల్లే. అలవాటైనోనికి తెల్లారి అది వడకుంటె కాళ్లు చేతులు ఆగయ్."

"ఆడపిల్ల కల్లు తాగడమేంటండీ, అసహ్యంగా!"

"మీ దిక్కు ఆడపిల్లలు కాఫీ తాగరా?" అన్నాడు. నవ్వలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. తాగుతున్నందుకు కాదు, నా చేత "మానకు" అనిపించినందుకు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, నా కోపంలో పిల్ల మీద జాలి పావు వంతు కూడా లేదు.

మర్నాడు బడి వదిలాక ఆయన్నే దారి చూపించమని ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. వాళ్లవ్వ ద్రాక్ష తోటలో కూలికి పోయేది. అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. గూట్లో సీసా ఉంది, దాని పక్కన రెండు స్టీలు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆ చిన్నది ఎవరిదో అడగక్కర్లేదు.

"కూసో బిడ్డా, చాయ్ వెడత" అంది.

"చాయ్ వద్దమ్మా. మనవరాలికి కల్లు పోస్తున్నారట, నిజమేనా?"

"పోస్తున్న" అంది. దాచాలనుకోలేదు. "నా బిడ్డ సచ్చిపోయినంక గిది పది దినాలు నిద్రవోలే. గీ గోడకే ఆనుకొని కూసునేది. కండ్లు మూస్తె అమ్మ కనవడ్తాందని కండ్లే మూయకపోయేది. దీని నాయిన ఇంకోదాన్ని జేసుకొని షామీర్‌పేట దిక్కు వాయె. నేను కూలికి వోకుంటె పొయ్యి ఎలగది. గిట్ల కూసున్న పిల్లను ఇడిసి ఎట్ల వోను? ఒకనాడు గింత పోసిన. పండుకున్నది. నేనేమన్న ఇషమిచ్చిన్నా బిడ్డా? నిద్రిచ్చిన."

నేను ఊరుకుంటానా! కాలేయం గురించి, మెదడు గురించి, అక్కడికక్కడే పావుగంట పాఠం చెప్పాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ మొత్తం వింది. విని ఒక్కటే అడిగింది.

"మరి నిద్ర ఎట్ల?"

"శ్రద్ధగా చదువుకుంటే నిద్ర అదే వస్తుంది" అన్నాను. ఆ జవాబు ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే చిరాకేస్తుంది. డ్రిల్ సారు గుమ్మం దగ్గర నిలబడి తల పక్కకి తిప్పుకున్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు మెత్తగా చెప్పాను, కసిరాను, బతిమాలాను. రికార్డులో గీత వణుకుతూనే ఉంది. ఫిబ్రవరి వచ్చింది. పబ్లిక్ పరీక్షకి ముందు పెట్టే ప్రీ ఫైనల్ గురువారం మొదలవుతుంది. ఇది పాసయితే మా స్కూల్లో ఫస్టు క్లాసు తెచ్చుకునే ఇద్దరు ముగ్గురిలో ఈ పిల్ల ఒకతి. సోమవారం ల్యాబ్‌కి పిలిచాను.

"ఇవాళ్టి నుంచి చుక్క ముట్టకూడదు. అమ్మతోడు అను."

సీసాలో తేలు వైపు చూస్తూ నిలబడింది.

"అనవే!"

"అమ్మ లేదు గద మేడం" అంది.

బుద్ధి ఉన్నదాన్నైతే అక్కడ ఆగాలి. నేను ఆగలేదు. "అయితే నా మీద వెయ్యి" అని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లాగి నా తల మీద పెట్టుకున్నాను. జడలో కనకాంబరాలు నలిగి ఒకటి రెండు కింద పడ్డాయి.

"మీ మీదనా మేడం?"

"నా మీదే. తప్పావో, నేను పోతాను. నీ ఇష్టం."

"ఒట్టు" అంది.

గ్రహణం రోజున పిల్లల్ని ఎండలో వరుసగా కూర్చోబెట్టి పులిహోర తినిపించినదాన్ని నేను. పిల్లి ఎదురొస్తే ఆగనిదాన్ని. ఒట్లు, దిష్టి, గాలి, ధూళి, అన్నీ ఒట్టివేనని బోర్డు మీద రాసి చెప్పినదాన్ని. కానీ నేను నమ్మకపోయినా ఆ పిల్ల నమ్ముతుందని నాకు బాగా తెలుసు. తెలిసే వాడుకున్నాను. నా పిల్లల చేత పాలు తాగించడానికి కూడా ఇంట్లో అలాగే ఒట్టు వేయించుకునేదాన్ని. అంత తేలిగ్గా అన్నాను.

మంగళవారం పిల్ల మొహం పీక్కుపోయి ఉంది. బుధవారం చలికాలంలో కూడా చెమటలు కారుతున్నాయి, చేతిలో సుద్దముక్క నిలవడం లేదు. నాకు ఆనందంగా ఉంది! మానేసింది కాబట్టే ఇలా ఉంది, నాలుగు రోజులు ఓర్చుకుంటే దారిలో పడుతుందని స్టాఫ్ రూములో గొప్పలు పోయాను.

"ఒక్కసారె బంద్ జేస్తె మంచిది గాదంటరు మేడం" అన్నాడు డ్రిల్ సారు. "కల్లు దుకాణం రెండు దినాలు బంద్ వెడితె ఊర్ల ఎట్లుంటదో మేం సూసినోళ్లం. మంచి మంచి మనుషులు గోడలకు మాట్లాడుతరు. జర డాక్టర్‌కు సూపెట్టుండ్రి."

"మీరు కూడా వెనకేసుకొస్తే ఎలాగండీ? చదువుకున్నవాళ్లు!" అన్నాను. ఆయన విజిల్ సర్దుకుని గ్రౌండులోకి వెళ్లిపోయాడు.

గురువారం పరీక్ష గదిలో నేనే డ్యూటీ. అరగంట గడిచిందో లేదో, ఆ పిల్ల ఎడమ చేత్తో పేపరు మీద ఏదో దులుపుకుంటోంది. దులపడం, రాయడం, దులపడం.

"ఏంటది?"

"చీమలు మేడం. మస్తు చీమలు."

ఒక్క చీమ లేదు. వెనక బెంచీ వాళ్లు కిసుక్కుమన్నారు. అలికిడికి హెడ్మాస్టరు తలుపులోంచి తొంగిచూసి, "ఏం లేదు మేడం, సదువలేదు, గందుకే యాక్షన్" అనేసి వెళ్లిపోయారు. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. వంగి ఆ పిల్ల చెవి దగ్గర, "నాటకాలాడకు. ఒట్టు గుర్తుందా?" అన్నాను.

తలెత్తి చూసింది. "గుర్తున్నది మేడం" అంది. ఎంత మర్యాదగా అందో! మళ్లీ తల వంచుకుని, కుడిచేత్తో రాస్తూ, ఎడమ చేత్తో లేని చీమల్ని దులుపుకుంటూ కూర్చుంది. ఆ ఆన్సర్ షీటు నేను తర్వాత చూశాను. మొదటి ప్రశ్నకు సగం జవాబు ఉంది. తప్పుల్లేవు.

పది నిమిషాల్లో బెంచీ మీంచి పక్కకి ఒరిగిపోయింది. ఫిట్స్. పిల్లలు అరుచుకుంటూ బయటికి పరిగెత్తారు. హెడ్మాస్టరు తాళాల గుత్తి తెచ్చి పిల్ల చేతిలో పెట్టబోయారు. డ్రిల్ సారు ఆయన్ని పక్కకి జరిపి, పిల్లని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. అవ్వను తీసుకురమ్మని తోటకి ఎవర్నో సైకిలు మీద పంపాడు. నేనేం చేశానంటారా? గోడకు ఆనుకుని నిలబడ్డాను. జీవశాస్త్రం టీచర్ని కదా.

ఫిట్స్ ఆగి పిల్ల కళ్లు తెరిచేసరికి అవ్వ వచ్చింది. చేతులకి ద్రాక్షకు కొట్టే పురుగుమందు మరకలు అలాగే ఉన్నాయి. కొంగు చాటు నుంచి సీసా తీసింది.

"జరుగుండ్రి. రెండు గుక్కలు తాపితె దిగుతది."

"స్కూల్ల కల్లేంది!" అని హెడ్మాస్టరు, "తీసెయ్యండి ఆ సీసా!" అని నేను, ఇద్దరం ఒకేసారి అరిచాం. నేను లాక్కోవడానికి చెయ్యి కూడా చాపాను. ఆవిడ నా వైపు చూడనైనా లేదు. పిల్ల తల ఒళ్లోకి తీసుకుని సీసా పెదాలకి ఆనించింది.

పిల్ల పళ్లు బిగబట్టింది. మొహం పక్కకి తిప్పుకుంది. కల్లు చెంప మీంచి మెడలోకి కారిపోయింది.

"తాగు బిడ్డా, నా తల్లి గదా, గింతే."

"తాగ" అంది. "మేడం సస్తది అవ్వా."

నా చెయ్యి చాచింది చాచినట్టే ఉండిపోయింది. గదిలో అందరూ నా వైపు చూశారు. మూడు రాత్రులు ఆ పిల్ల ఒక్కతే ఆ గోడకు ఆనుకుని, సీసా ఎదురుగా గూట్లోనే ఉండగా, నన్ను బతికించుకుంటూ కూర్చుంది. నేను మాత్రం మచ్చ బొల్లారంలో హాయిగా నిద్రపోయాను.

ఆటో మాట్లాడి మేడ్చల్ దవాఖానకి తీసుకెళ్లాం. "పిచ్చి దవాఖానకు తోలియ్యకుండ్రి, రేపు పిల్లకు పెండ్లి గాదు" అని అవ్వ దారంతా బతిమాలుతూనే ఉంది. దారిలో ఇంకోసారి ఫిట్స్ వచ్చింది. డాక్టరమ్మ నడివయసు మనిషి. ముందు సూది మందిచ్చి, పిల్ల సద్దుమణిగాక బయటికి వచ్చింది.

"ఎవరు మాన్పించిన్రు?"

"నేనేనండి."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే."

"స్కూల్ల మీరు ఏం చెప్తరు?"

"జీవశాస్త్రం."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ చూపించి కూర్చోమని, నిదానంగా చెప్పింది. కల్లులో కలిపే నిద్ర మందుకి ఒళ్లు అలవాటు పడిపోతుందట. ఉన్నపళంగా ఆపితే ఫిట్స్‌తో ప్రాణమే పోవచ్చట. దానికి బదులు బిళ్లలు ఇచ్చి, వాటిని వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలట. ఎంత చిన్న సంగతి! అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవాళ్లు. డ్రిల్ సారు అడగకుండానే చెప్పాడు.

మర్నాడు పొద్దున అసలు చిక్కు వచ్చింది. నర్సు బిళ్ల తెస్తే పిల్ల నోరు తెరవదు. బలవంతాన పెడితే ఉమ్మేసింది. సూది ప్రభావం తగ్గుతోంది, వేళ్లు మళ్లీ వణకడం మొదలుపెట్టాయి.

"ఇది కల్లు కాదమ్మా, డాక్టరిచ్చిన మందు" అన్నాను.

"గిదీ మందే గద మేడం" అంది.

ఆ మాట దగ్గరే కదా నేనూ బోల్తా పడింది. ఆ బిళ్లలోనూ ఉన్నది నిద్ర మందే, కాకపోతే కొలత తెలిసినది. ఒట్లు అబద్ధమని చెప్పి చూశాను. నాకేం కాదన్నాను. నా చెయ్యి గిల్లి చూపించాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ పళ్లు విడలేదు. డాక్టరమ్మ మంచం పక్కకి వచ్చి గడియారం చూసుకుంది. మళ్లీ ఫిట్స్ వస్తే సిటీకి పంపాల్సిందేనంది.

అవ్వ నన్ను భుజం పట్టుకుని తిప్పింది. "ఒట్టు నువ్వు వెట్టిచ్చినవ్ బిడ్డా. నువ్వే తియ్యాలె."

ఆ ఇనప మంచం పక్కన నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నాను. తల వంచి, ఆ పిల్ల చెయ్యి తీసుకుని నా తల మీద పెట్టుకున్నాను. ఆ వణుకు నా మాడుకి తెలుస్తోంది. డాక్టరమ్మ ముందు, నర్సు ముందు, పక్క మంచాల వాళ్ల ముందు, చిన్నప్పుడు వీధిలో ఆడుకుంటూ అన్న మాట, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను" అని, ఆ చేతిని ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టాను.

"ఇనవడలే మేడం. గట్టిగ అనుండ్రి" అంది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను!" అని అరిచాను. నర్సు నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది. నేను మాత్రం ఏడ్చాను, సిగ్గు లేకుండా, అందరి ముందు. పిల్ల తన చెయ్యిని గట్టు మీద కాసేపు అలాగే ఉంచి చూసుకుంది. తర్వాత నోరు తెరిచింది.

ఆ తర్వాత ఆరు వారాలు రోజూ ప్రార్థనకి ముందు ల్యాబ్‌లో నేనే ఆ బిళ్లలు ఇచ్చేదాన్ని. డాక్టరమ్మ చీటీ మీద రాసినట్టు, బ్లేడుతో ముందు సగం, తర్వాత పావు. అవ్వ గూట్లోంచి చిన్న గ్లాసు తీసేసింది. తన పెద్ద గ్లాసు మాత్రం తియ్యలేదు, నేనూ అడగలేదు. "మేడం పిల్లకు మందు ఇస్తాంది" అని ఊళ్లో గుప్పుమంది. హెడ్మాస్టరు నన్ను పిలిచి, "ఏంది మేడం గిది, నన్ను పరేషాన్ జేస్తున్రు" అని తల పట్టుకున్నారు. చీటీ చూపిస్తే దాన్ని కూడా తిప్పి వెనకవైపు చూశారు. డ్రిల్ సారు పక్క నుంచి, "కల్లు దుకాణపాయనను కూడా గిట్లనే పిలిచి అడుగుండ్రి సార్" అన్నాడు. ఆ మాటతో సరిపోయింది.

ఆ ఏడు ఆ పిల్ల పబ్లిక్ పరీక్ష రాయలేకపోయింది. మరుసటేడు రాసింది. పాసైంది, అంతే. ఫస్టు క్లాసు రాలేదు. కాలేజీకి పోలేదు. షామీర్‌పేట వైపు పెళ్లి చేసి పంపించేశారు. నాకు బదిలీ అయింది.

రెండు వేలల్లో పేట్ బషీరాబాద్ వైపు స్కూల్లో పనిచేశాను. అక్కడ కల్లు కాదు, రాతలో తప్పులు చెరిపే వైట్‌నర్. చేతిరుమాలు మీద పోసుకుని ప్రహరీ వెనక పీల్చేవాళ్లు. అక్కడి కాలనీల్లో మా కోస్తా నుంచి వచ్చి ఉద్యోగాలు చేసుకునేవాళ్లే ఎక్కువ. "మా వాడు అలాంటివాడు కాదండి" అని మర్యాదగా కాఫీ ఇచ్చి పంపేవారు. ఆ చిన్న గ్లాసు దాచకుండా "పోస్తున్న" అన్న అవ్వ నాకు అప్పుడు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో. పిల్లల్ని మాత్రం "ఎందుకు పీలుస్తున్నావురా" అని అడగడం మానేశాను. "అది పీల్చకపోతే ఏమవుతుంది నీకు?" అని అడిగేదాన్ని. కొందరు చెప్పారు. చాలామంది చెప్పలేదు. అందర్నీ ఒడ్డున వేశానని చెప్పను, వెయ్యలేదు.

రిటైరవడానికి ఏడాది ముందు, మేడ్చల్ బస్టాండులో ఎవరో వెనక నుంచి "మేడం" అన్నారు. చంకలో పిల్లాడు, చేతిలో కూరగాయల సంచి. ఒక్క నిమిషం పట్టింది పోల్చుకోవడానికి.

"మీ తల మంచిగున్నదా మేడం?" అంది, నవ్వుతూ.

"ఉందిలే. జుట్టే ఊడిపోయింది" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. అవ్వ పోయి మూడేళ్లయిందట. మొగుడు లారీ మీద పోతాడట. నాలుక చివరిదాకా వచ్చింది, ఇంకా తాగుతున్నావా అని. ఆ ప్రశ్నని మింగేసి, ఎన్నో ఏళ్ల కిందట ల్యాబ్‌లో అడగాల్సింది అడిగాను.

"నిద్ర పడుతోందా?"

సంచి కింద పెట్టింది. నన్ను అదోలా చూసింది.

"గీ మాట ఎవ్వరడగరు మేడం" అంది. "తాగుతున్నవా అనే అడుగుతరు." పిల్లాణ్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. "వడతది. కొన్ని దినాలు వట్టది. వట్టని నాడు కూసుంట. తెల్లారుతది."

బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయింది.

రిటైరయ్యాక నాకూ నిద్ర సరిగా పట్టడం లేదు. మా అబ్బాయి డాక్టరు దగ్గరికి పోదాం, బిళ్ల రాయించుకుందాం అంటున్నాడు. చూద్దాంలే అంటున్నాను. పట్టని రోజున గోడకు ఆనుకుని కూర్చుంటాను. తెల్లారుతుంది.